సామాను తగ్గింది, నేను మాత్రం దొరకలేదు

ప్రశ్న: నా వయసు 63. నీటిపారుదల శాఖలో ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) చేసి రిటైరై 14 నెలలైంది. విజయవాడలో సొంత ఫ్లాటు, తెనాలి దగ్గర ఊళ్లో తాళం వేసిన పాత ఇల్లు ఉన్నాయి. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటారు. ఇన్నాళ్లూ ఉద్యోగంలో పడి నేనెవరో నాకే తెలియకుండా పోయిందనిపించి, జీవితాన్ని తేలిక చేసుకుందామని మొదలుపెట్టాను. మూడు ఆదివారాల్లో 14 సంచుల సామాను బయటికి పంపేశాను. మా అత్తగారిచ్చిన ఇత్తడి గంగాళం కూడా అందులో పోయింది, పాత సామాన్ల కొట్టులో తూకానికి వేశాను. అప్పట్నుంచి మా ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు. తనకి ఆధ్యాత్మికం అర్థం కాదు. ఊళ్లో ఇల్లు అబ్బాయి పేర రాసేసి, పాలసీలూ ఖాతాలూ మూసేసి, ఏదైనా ఆశ్రమం దగ్గర చిన్న గది తీసుకుందామని ఉంది. కానీ ఇంత ఖాళీ చేసినా లోపల ఏమీ మారలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం: ముందు గంగాళం సంగతి చూడండి. పాత సామాన్ల కొట్టువాళ్లు వచ్చిన ఇత్తడిని వచ్చినట్టే కరిగించరు. కొంత పోగయ్యాక పెద్ద వ్యాపారికి పంపుతారు. కాబట్టి అది ఇంకా అక్కడే ఉండొచ్చు. రేపు కొట్టు తీసే వేళకి వెళ్లి అడగండి. మీకిచ్చిన దానికంటే ఎక్కువ అడుగుతాడు, బేరం ఆడకుండా ఇచ్చేయండి. దొరక్కపోతే మాత్రం కొత్తది కొని తేకండి, అది గోరుచుట్టు మీద రోకటిపోటవుతుంది. "నిన్ను అడగకుండా ఇచ్చేయడం నా తప్పు" అని చెప్పి అక్కడితో ఆగండి. ఆ మాట తర్వాత "కానీ" అన్నారంటే చెప్పిందంతా ఏట్లో కలిసినట్టే. ఆవిడకి ఆధ్యాత్మికం అర్థం కాదన్న మాట కూడా ఉత్తరంలోంచి కొట్టేయండి. వాళ్లమ్మ వస్తువు తూకానికి పోతే ఆవిడ బాధపడింది. అందులో అర్థం కాకపోవడానికేముంది?

ఇకనుంచి మీ చెయ్యి పడాల్సింది మీ సొంత వస్తువుల మీదే. ఇద్దరివీ అయినవాటికి ఇద్దరూ ఒప్పుకోవాలి. వంటిల్లు, పూజగది, అటక మీద ఉన్న ఆవిడ పుట్టింటి సామాను మీ లెక్కలోకి రావు. ఇది మర్యాద కోసం మాత్రమే పెడుతున్న నియమం కాదు. అవతలివాళ్ల వస్తువులు వదలడం మనకి నొప్పి పుట్టించదు, ఎవరికైనా సులువే. మీరు వెతుకుతున్నది దొరికేది మీకు నొప్పి పుట్టే చోట.

మీ అసలు తప్పు కూడా అక్కడే ఉంది. మీరు సంచులు లెక్కపెట్టారు. సులువుగా పోయేవన్నీ మూడు ఆదివారాల్లో పోయాయి, మీకేమీ నేర్పకుండానే పోయాయి. వదల్లేకపోయినవి ఇంట్లోనే ఉండిపోయాయి. వాటి దగ్గర మీరు ఆగలేదు.

పతంజలి యోగసూత్రాల్లో సాధనపాదం 30వ సూత్రం ఐదు యమాల్ని, అంటే పాటించాల్సిన నిగ్రహాల్ని, చెబుతుంది. చివరిది అపరిగ్రహం, అంటే కూడబెట్టుకోకపోవడం. దానికి వ్యాసభాష్యం, అంటే ఆ సూత్రాలకి వ్యాసుడి పేరున్న వివరణ, చెప్పే కారణం పుణ్యమో పాపమో కాదు. వస్తువులో ఐదు దోషాలు చూడమంటుంది: సంపాదించడంలో శ్రమ, కాపాడుకోవడంలో శ్రమ, పోతే కలిగే బాధ, ఉన్నకొద్దీ పెరిగే తగులం, దానివల్ల ఇంకొకరికి జరిగే హింస. ఇంజినీరు కాబట్టి మీకు ఇది నచ్చుతుంది, అచ్చంగా తనిఖీ పట్టికలా ఉంటుంది. ఆ తర్వాత 39వ సూత్రం, ఈ అపరిగ్రహం స్థిరపడితే "జన్మకథంతా సంబోధః" అంటుంది. "నేనెవరిగా ఉన్నాను, ఎలా ఉన్నాను, ఇదంతా ఏమిటి" అన్నవి తెలుస్తాయని భాష్యం వివరణ. పూర్వజన్మల జోలికి ఇప్పుడు పోవద్దు. ఈ జన్మ కథ వరకే తీసుకున్నా మీ ప్రశ్నకి సూటిగా తగులుతుంది. చేతిలో పట్టు వదులుతున్నప్పుడు, ఇన్నాళ్లూ పట్టుకున్నది ఎవరో తెలియడం మొదలవుతుంది.

దీన్ని ఆచరణలో పెట్టడానికి 100 పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒకటి చాలు. వస్తువు తీసి సంచిలో వేయబోతూ చెయ్యి ఆగిన ప్రతిసారీ ఒక వరుస రాయండి: తేదీ, వస్తువు, "ఇది పోతే ఎవరు పోతారు?" జవాబు నాలుగైదు మాటలు దాటకూడదు. దాటితే సమర్థింపు మొదలైనట్టు. మీ ఇంట్లో ఏముంటాయో ఊహించడం కష్టం కాదు. సన్మానాల శాలువాలూ మెమెంటోలూ తీస్తే "పదిమంది మెచ్చిన ఈఈ గారు" అని వస్తుంది. శాఖవారి పాత డైరీల దగ్గర "నిజాయితీకి సాక్ష్యం ఉన్నవాడు" అని రావచ్చు. కొని చదవని ఆధ్యాత్మిక పుస్తకాలు తీస్తే "ఎప్పటికైనా జ్ఞాని కాబోయేవాడు" అని వస్తుంది. ఇదొక్కటే కాస్త సిగ్గుగా ఉంటుంది, అయినా రాయండి. మరలు, వైరు ముక్కలు, పాత చార్జర్లు ఉన్న డబ్బా "ఎవరికే అవసరమొచ్చినా పనికొచ్చేవాడు".

మొదటి 30 వరుసలు నిండేదాకా వెనక్కి తిరిగి చదవకండి. నిండాక మూడో గడిలో ఎవరెవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్కవేయండి. 30 వస్తువులకి 30 మంది ఉండరు, నలుగురైదుగురే తిరుగుతుంటారు. ఆ నలుగురైదుగురికోసమే ఇంత ఇల్లు కావాల్సి వచ్చింది. చెయ్యి ఆగిన వస్తువుని ఆ రోజే పారేయాలన్న పట్టుదల వద్దు. రాసి, యథాస్థానంలో పెట్టేయండి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీస్తే, కొన్ని వాటంతటవే తేలికవుతాయి. కొన్ని కావు. కానివాటిని ఉంచుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక పని పద్ధతి. ఆదివారం అంతా కూర్చుని అటక దులిపే ఊపు ఆపండి, ఆరంభశూరత్వం అక్కడే పుడుతుంది. రోజుకి 40 నిమిషాలు, ఒక అర లేదా ఒక సొరుగు. అందులోవన్నీ బయటికి తీసి, అర తుడిచి, ఉండాల్సినవే తిరిగి లోపల పెట్టండి. అరలోంచి అక్కర్లేనివి ఏరితే పది పోతాయి. అర ఖాళీ చేసి కావాల్సినవి ఏరితే సగం పోతాయి, ఎందుకంటే రెండో పద్ధతిలో ప్రతి వస్తువూ తన చోటు తాను సంపాదించుకోవాలి. 40 నిమిషాలు దాటితే మనసు అలసి, ఉంటే అన్నీ ఉంచేస్తుంది, లేదంటే అన్నీ పారేస్తుంది. మీ గంగాళం పోయింది బహుశా అలాంటి వేళే.

బట్టలతో మొదలుపెట్టండి. ఫొటోలు, ఉత్తరాలు అన్నిటికంటే ఆఖరున. వాటితో మొదలుపెట్టినవాళ్లు మొదటిరోజు సాయంత్రానికి ఆల్బం ముందు కూర్చుండిపోతారు. బట్టలకి తేలిక ఉపాయం ఒకటుంది. ఉతికి వచ్చిన చొక్కాని ఎప్పుడూ కుడి చివరే తగిలించండి. 60 రోజులయ్యేసరికి మీరు తొడగనివన్నీ ఎడమవైపుకి చేరతాయి. పట్టుపంచె, చలికోటు లాంటివి ఈ లెక్కలోంచి తీసేయండి. ఎడమవైపు మిగిలిన సఫారీల దగ్గర మీ నోటుపుస్తకానికి మంచి పని పడుతుంది.

ఎటూ తేలని వస్తువులకి అరటిపండ్ల అట్టపెట్టె ఒకటి పెట్టుకోండి. ఒక్కటే. టేపు వేసి, పైన తేదీ మాత్రం రాయండి. లోపల ఏమున్నాయో రాయొద్దు, రాస్తే ఆ జాబితా చూసినప్పుడల్లా అవసరం పుట్టుకొస్తుంది. 90 రోజుల్లో దానికోసం వెతుక్కోకపోతే పంపేయొచ్చు. ఒక పెట్టె మూడు పెట్టెలైతే మాత్రం మీరు కొత్త అటక కట్టుకుంటున్నారని అర్థం.

బయటికెళ్లేవి ఎక్కడికి వెళ్తాయో తీసేముందే అనుకోండి. లేకపోతే సంచులు తలుపు పక్కన నెల్లాళ్లుంటాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే లోపలికి తిరిగొస్తాయి. గుమ్మం దగ్గర పెట్టిన సంచి 48 గంటల్లో ఇల్లు దాటాలి. శాలువాలు వృద్ధాశ్రమానికి అక్టోబరు, నవంబరుల్లో ఇస్తే చలికి పనికొస్తాయి, మే నెలలో ఇస్తే అక్కడ వాళ్ల అటకెక్కుతాయి. చిరిగినవి, మరకలున్నవి దానం కింద ఇవ్వకండి. మేనల్లుడికి ఇవ్వగలిగేవే బయటివాళ్లకి ఇవ్వాలి, మిగతావి తుడుపు గుడ్డలు. పాత తెలుగు పత్రికల సంపుటాలు, అరుదైన పుస్తకాలు ఉంటే కాగితాల తూకానికి వేయకముందు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల జాబితా పంపి అడగండి. పాత ఫోన్లలో సిమ్మూ మెమొరీ కార్డూ తీసి, ఖాతాల నుంచి బయటికొచ్చి, ఆ తర్వాతే మొత్తం చెరిపేయండి. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ని చెత్తబుట్టలో వేయొద్దు, అది నలిగితే అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

రెండో సిమ్ వదిలేద్దామనుకుంటే ముందు ఆధార్, బ్యాంకు, పెన్షన్, గ్యాస్ ఏ నంబరుతో ముడిపడ్డాయో చూసి మార్చండి. రద్దయిన నంబరు 90 రోజుల తర్వాత ఇంకొకరికి వెళ్లొచ్చు, దానితోపాటు మీ ఓటీపీలూ వెళ్తాయి.

కాగితాల్లో తొందర పనికిరాదు. రిజిస్టరైన దస్తావేజు, దాని వెనకటి లింకు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), జనన, వివాహ ధ్రువపత్రాలు, వీలునామా రాసి ఉంటే అది, ఇవన్నీ అసలువే ఉండాలి. దస్తావేజుకి రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది, కానీ రేపు అమ్మేటప్పుడో అప్పు తీసుకునేటప్పుడో అసలేది అంటారు. ఆదాయపు పన్ను కాగితాలు ఎనిమిదేళ్లవి ఉంచితే నిశ్చింత. ఆధార్, పాన్ జిరాక్సులు పాత పేపర్లవాడికి వేయకండి, రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టి పిసికేస్తే గుజ్జవుతాయి.

ఖాతాల విషయంలో మీ ఉద్దేశం మంచిదే, "అన్నీ మూసేయడం" మాత్రం ప్రమాదం. పదవీ విరమణ చేసిన దంపతులకి రెండు ఖాతాలు సరిపోతాయి. పెన్షన్ ఖాతా మీ ఆవిడతో కలిపి, "ఎవరైనా ఒకరు లేదా జీవించి ఉన్నవారు" పద్ధతిలో ఉండాలి. మూసే ముందు ఆ ఖాతాది గత 12 నెలల లావాదేవీల పట్టీ మొత్తం చదవండి. మూడు నెలలది చూసి మూసినవాళ్లకి ఏడాదికోసారి కట్టే లాకరు అద్దె, ప్రీమియం తప్పిపోతాయి. మూయకుండా వదిలేయడమూ తేలిక అనుకోవద్దు. రెండేళ్లు మీ వైపు నుంచి లావాదేవీ లేకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది, పదేళ్లయితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. మీ నాన్నగారివో అమ్మగారివో అలా పడున్నాయేమో రిజర్వు బ్యాంకువారి 'ఉద్గమ్' పోర్టల్లో పేరు పెట్టి వెతకొచ్చు. పాలసీలు సరెండర్ చేసే ముందు పెయిడప్ విలువ (ప్రీమియం ఆపేసి పాలసీని అలాగే ఉంచితే చివర్లో వచ్చేది), సరెండర్ విలువ (ఇప్పుడే మూసేస్తే చేతికొచ్చేది) రెండూ కాగితం మీద రాయించుకోండి. చాలాసార్లు ప్రీమియం ఆపి పెయిడప్‌గా వదిలేయడమే మేలు. నడుస్తున్న చిట్టీని మధ్యలో వదలకండి, అది అయిపోయాక కొత్తదానిలో చేరకపోతే చాలు.

సంచుల్లో కనబడని బరువొకటుంది, హామీ సంతకాలు. ఉద్యోగంలో ఉండగా ఎవరెవరికి జామీను ఉన్నారో గుర్తుచేసుకుని రాయండి. చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. తీరిపోయినవాటికి తీరినట్టు కాగితం తీసుకోండి. 14 సంచులకంటే ఆ ఒక్క కాగితంతో గుండె ఎక్కువ తేలికపడుతుంది.

ఊళ్లో ఇల్లు ఏడాదిపాటు ఎవరికీ రాయకండి. రిజిస్టరైన దానపత్రాన్ని తర్వాత మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కొంత రక్ష ఇస్తుంది కానీ, తీసుకున్నవారు మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీద రాసిన ఆస్తికే. రాయాల్సి వస్తే ఆ షరతు పత్రంలో ఉండేలా చూడండి. వీలునామా అయితే బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు. అన్నట్టు, అమెరికాలో ఉన్న అబ్బాయికి తెనాలి పక్కన ఇల్లు ఇవ్వడం అంటే మీ తాళంచెవి బరువు వాడికి మార్చడమే. వాడిని అడిగారా?

ఇంకో మాట, దాటేసి చదవొద్దు. ఇష్టమైనవన్నీ ఒక్కసారిగా ఇచ్చేయాలనిపించడం ఒక్కోసారి వైరాగ్యం కాదు, దిగులు జబ్బు (డిప్రెషన్). రిటైరయ్యాక అది రావచ్చు. రెండు వారాలకి మించి నిద్ర చెడటం, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నేనుండి ఏం లాభం అనిపించడం ఉంటే ఈ నోటుపుస్తకం పక్కన పెట్టి డాక్టర్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆశ్రమం పక్కన గది సంగతికి వద్దాం. 1896 ఆగస్టు 29న మదురైలో ఇల్లు విడిచిన పదహారేళ్ల వేంకటరామన్, తర్వాత అరుణాచల రమణులు, వెళ్తూ ఒక చీటీ రాసిపెట్టాడు. అది "నేను" అని మొదలై, రెండో వాక్యానికల్లా "ఇది" అయిపోతుంది. చివర సంతకం లేదు, గీత మాత్రమే ఉంది. అందరూ చెప్పుకునేది అంతవరకే. ఆ చీటీలో ఇంకో సంగతి కూడా ఉంది. అన్నయ్య కాలేజీ ఫీజుకని పెట్టిన ఐదు రూపాయల్లో మూడు తీసుకుని, ఫీజు ఇంకా కట్టలేదని, మిగిలిన రెండూ ఇక్కడ పెట్టానని రాశాడు. సంతకం వదిలేసినవాడు లెక్క వదల్లేదు. అదే మనిషి, తర్వాతి కాలంలో ఇల్లు విడిచి వస్తామన్న గృహస్థుల్ని చాలావరకు వారించాడు. మనసు మీతోనే వస్తుంది, అక్కడ ఉన్నదే ఇక్కడా ఉంటుందన్నది దాని సారం. కాబట్టి గది ఇప్పుడే తీసుకోకండి. ఆరునెలల తర్వాత కూడా కావాలనిపిస్తే, ఇద్దరూ కలిసి పది రోజులు వెళ్లి ఉండి చూడండి.

ఈలోగా ఇంట్లోనే రోజుకి 20 నిమిషాలు చాలు. పొద్దున కాఫీకి ముందు, ఫోన్ వేరే గదిలో పెట్టి. భోజనం తర్వాత వద్దు, కునుకు పడుతుంది. నోటుపుస్తకంలో నిన్న రాసిన ఒక్క వరుస చదివి మూసేయండి. "పదిమంది మెచ్చిన ఈఈ గారు పోతారు" అని ఉందనుకోండి. ఆ మాటకి లోపల ఏదో చిన్నగా గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడం ఎవరికి తెలుస్తోంది? అక్కడ ఆగండి. "నాకు" అని వస్తుంది. ఆ "నాకు" ఎక్కడినుంచి లేస్తోందో చూడండి, మాటల్లో జవాబు చెప్పకుండా. చాలామంది ఇక్కడ రెండు రకాలుగా దారి తప్పుతారు. కొందరు "నేనెవరు, నేనెవరు" అని జపం చేస్తారు, మాలిక తిరిగినట్టు నోరు తిరుగుతుంది, చూపు ఉండదు. ఇంకొందరు "నేను ఆత్మను" అని చదివిన జవాబు అప్పజెప్పి లేచిపోతారు. జవాబు రాకుండా 20 నిమిషాలు గడిస్తే సరిగ్గా చేసినట్టే.

మూడో నెలకల్లా ఇంట్లో చోటు, రోజులో ఖాళీ కనబడతాయి. అప్పుడు కాళ్లూ చేతులూ ఆడవు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి పదవి అప్పుడే వెతుక్కుంటూ వస్తుంది. యోగా తరగతి, వాట్సాప్‌లో కొత్త సత్సంగం గ్రూపు కూడా. 90 రోజులపాటు కొత్తది ఏదీ ఒప్పుకోకండి, ఇప్పటికే ఉన్న పదవుల్ని లెక్కలు రాతపూర్వకంగా అప్పజెప్పి వదలండి. విసుగు వస్తే రానివ్వండి. ఆ విసుగు కూడా నోటుపుస్తకంలో ఒక వరుస: "పని లేకపోతే ఎవరు పోతారు?"

ఈ దారిలో అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడేవాడు ఇంకొకడున్నాడు, "నిరాడంబరుడు". రెండు పంచెలు, ఒక చాప చాలంటూ వచ్చినవాళ్లకి ఖాళీ గది చూపించాలనిపించిన రోజున వాడి పేరు కూడా మూడో గడిలో ఎక్కించండి. గంగాళం తూకానికి వేసింది వాడేనేమో కూడా చూసుకోండి.

తలుపు పక్కన "రిటైర్డ్ ఈఈ" అని పలక ఉండే ఉంటుంది. దాన్ని ఇప్పుడే పీకకండి, ఊపులో పీకితే అది కూడా 15వ సంచిలోకే పోతుంది. లెక్కలో ఈఈ గారు వరుసగా నెల్లాళ్లు కనబడకపోతే అప్పుడు చూద్దాం. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, ముందురోజు రాత్రే రెండు చుక్కల నూనె వేసి ఉంచండి. పలక తీశాక గోడకి మిగిలే రంధ్రాలకి వెంటనే పుట్టీ పెట్టకండి. వారం రోజులు లోపలికీ బయటికీ తిరుగుతూ వాటిని చూస్తూ ఉండండి.